‘ఎప్పటికీ అమ్మం’ అన్న మాట ఏమైంది?

‘మీ వ్యక్తిగత డేటాను ఫైర్‌ఫాక్స్ అమ్ముతుందా?’ అని ఆ బ్రౌజర్‌ను తయారుచేసే మొజిల్లా సంస్థ సైట్‌లో ఒక ప్రశ్న ఉండేది. కిందే జవాబు: లేదు, ఇంతవరకూ అమ్మలేదు, ఇకపైనా అమ్మం. 2025 ఫిబ్రవరి చివర్లో ఆ ప్రశ్నా పోయింది, జవాబూ పోయింది. మొజిల్లా సైట్ కోడ్, కోడ్ దాచుకునే గిట్‌హబ్ అనే సైట్‌లో అందరికీ కనిపించేలా ఉంటుంది కాబట్టి గుట్టుగా తీసేయడం కుదరలేదు. ఏ మాట పోయింది, దాని బదులు ఏం వచ్చింది అన్నది పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని మరీ జనం చదివారు.

అదే వారం ఫైర్‌ఫాక్స్‌కు మొదటిసారి ‘వాడుక నిబంధనలు’ వచ్చాయి. బ్రౌజర్‌లో మీరు టైప్ చేసే, అప్‌లోడ్ చేసే సమాచారాన్ని వాడుకునే లైసెన్సు మాకు ఇస్తున్నారు అనే వాక్యం, దానిమీద గొడవ, రెండు రోజులకే తిరగరాయడం, ఇదంతా తెలిసిందే. నా దృష్టిలో ఆ లైసెన్సు వాక్యం పెద్ద విషయం కాదు. లాయర్లు రాసే కాగితాలన్నీ అలాగే ఉంటాయి. బ్యాంకు ఫారం మొత్తం చదివితే ఎవరూ ఖాతా తెరవరు. నమ్మకం పోయింది ఆ చెరిపేసిన మాట దగ్గరే.

మొజిల్లా చెప్పుకున్న సంజాయిషీ ఇది: ‘డేటా అమ్మకం’ అనే మాటకు కొన్నిచోట్ల చట్టం మరీ విశాలమైన అర్థం చెబుతోంది, అందుకే అమ్మం అని ఖరాఖండిగా అనలేకపోతున్నాం. ఉదాహరణకు కాలిఫోర్నియా చట్టాన్ని చూపించింది. సరే, ఆ చట్టం ఏమంటోంది? డబ్బు తీసుకుని గానీ, విలువైన మరో ప్రతిఫలం తీసుకుని గానీ వినియోగదారుల సమాచారం ఇంకొకరికి ఇస్తే అది అమ్మకమే అంటోంది. ఇందులో విడ్డూరం ఏముంది? ‘పాత ఇనప సామానుకు ఉల్లిపాయలిస్తాం’ అని వీధిలో కేకేసే బండివాడికి కూడా తాను చేస్తున్నది బేరమేనని తెలుసు.

ఆ సంజాయిషీలోనే అసలు సంగతీ దొరికిపోయింది. ఫైర్‌ఫాక్స్ వ్యాపారంగా నిలబడాలంటే కొంత డేటా సేకరించి భాగస్వాములతో పంచుకోక తప్పడం లేదట. కొత్త ట్యాబ్ తెరవగానే కనిపించే ప్రకటనలు, సెర్చ్ బార్‌లో వచ్చే స్పాన్సర్డ్ సూచనలు ఆ లెక్కలోవే. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేసో, గుంపుగా కలిపేసో ఇస్తామంటోంది. కావచ్చు. కానీ ఒక మాటను చట్టం ఎలా చదువుతుందోనని భయపడాల్సి వచ్చిందంటే, చేస్తున్న పని ఆ మాటకు అంత దగ్గరికి వెళ్లిందన్నమాట.

ఇది ఒక్కరోజులో జరిగింది కాదు. 2024 జూన్‌లో మొజిల్లా ‘అనానిమ్’ అనే ప్రకటనల కంపెనీని కొన్నది. దాన్ని పెట్టింది ఫేస్‌బుక్ నడిపే మెటాలో పనిచేసి వచ్చినవాళ్లు. మరుసటి నెలలో వచ్చిన 128వ వెర్షన్‌లో, ప్రైవసీ సెట్టింగ్స్ కిందకి దిగితే, ప్రకటనలు ఎంత పనిచేశాయో కొలిచే పద్ధతికి అనుమతి అంటూ ఒక చిన్న గడి కనిపించేది. టిక్కు అప్పటికే పెట్టి ఉంది. ముందే అడగొచ్చు కదా అంటే, ఇంత క్లిష్టమైన విషయాన్ని వాడేవాళ్లకు అర్థమయ్యేలా చెప్పి అనుమతి తీసుకోవడం కష్టమనే ధోరణిలో ఫైర్‌ఫాక్స్ సాంకేతిక పెద్దలు సమాధానమిచ్చారు. ఆస్ట్రియాలో మాక్స్ ష్రెమ్స్ స్థాపించిన ‘నోయిబ్’ అనే ప్రైవసీ హక్కుల సంస్థ సెప్టెంబరులో దీనిమీద ఫిర్యాదు చేసింది. అర్థం కాదు కాబట్టి అడగం అనే తర్కం గూగుల్ నోట వినడం మనకు అలవాటే. మొజిల్లా నోట వినాల్సి వస్తుందనుకోలేదు.

తెలుగువాళ్లకు ఈ బాధ కాస్త ఎక్కువే ఉండాలి. తెలుగు పత్రికల సైట్లు తలా ఒక సొంత ఫాంట్‌తో నడిచిన రోజులు గుర్తున్నాయా? ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తప్ప ఇంకోటి తెరిస్తే అక్షరాల బదులు చెత్త కనిపించేది. ఫైర్‌ఫాక్స్‌లో ‘పద్మ’ అనే యాడ్ఆన్ వేసుకుంటే అదే పేజీ చక్కటి యూనికోడ్ తెలుగులోకి మారిపోయేది. ఆ బ్రౌజర్ మెనూలను తెలుగు చేసింది కూడా జీతం తీసుకోని మనవాళ్లే. 2004లో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చినప్పుడు న్యూయార్క్ టైమ్స్‌లో ప్రకటన వేయడానికి సుమారు పదివేల మంది తలా కొంత చందా వేసుకున్నారు. చందా పోగుచేసి నిలబెట్టిన సంస్థ మీద కోపం వేరుగా ఉంటుంది.

మిగతావాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? 2020లో బ్రేవ్ బ్రౌజర్, క్రిప్టో కరెన్సీలు కొనే బైనాన్స్ సైట్ అడ్రస్ టైప్ చేస్తుంటే తన కమిషన్ కోడ్ తగిలిస్తూ పట్టుబడి, క్షమాపణ చెప్పింది. 2022లో డక్‌డక్‌గో బ్రౌజర్ నెట్‌లో మన కదలికలు కనిపెట్టే ట్రాకర్లను అందరివీ ఆపుతూ మైక్రోసాఫ్ట్ ట్రాకర్లను కొన్నిచోట్ల వదిలేసిందని ఒక పరిశోధకుడు బయటపెట్టాడు. కారణం వ్యాపార ఒప్పందం. ట్రాకింగ్‌ను అడ్డుకుంటామని సాఫ్ట్‌వేర్ పంచిన యాంటీవైరస్ కంపెనీ అవాస్ట్, అదే దారిలో పోగైన బ్రౌజింగ్ డేటాను అమ్ముకున్నందుకు అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ 2024లో 1.65 కోట్ల డాలర్లు కట్టమంది. కంచే చేను మేయడం అంటే ఇదే.

ఇన్ని చెప్పినా ఫైర్‌ఫాక్స్ క్రోమ్ కంటే నయమే కదా, దీన్ని తిట్టి జనాన్ని మళ్లీ గూగుల్ గుమ్మంలోకి తోస్తారా అని కొందరంటారు. నయమే, ఒప్పుకుంటాను. ఈ వ్యాసం టైప్ చేస్తున్నది కూడా ఫైర్‌ఫాక్స్‌లోనే. కానీ పక్కవాడి కంటే నయం అని ఓటేసి మనం ఏమేం తెచ్చుకున్నామో ఇక్కడ చెప్పనక్కర్లేదు.

తప్పంతా మొజిల్లా బుద్ధిదే అంటే మాత్రం నేను ఒప్పుకోను. అది ఎవరి తిండి తింటోందో చూడాలి. 2025 మేలో గూగుల్ గుత్తాధిపత్యం కేసులో మొజిల్లా ఆర్థికాధికారి ఎరిక్ ముల్‌హైమ్ వాషింగ్టన్ కోర్టులో సాక్ష్యం చెప్పారు. సంస్థ ఆదాయంలో దాదాపు 90 శాతం ఫైర్‌ఫాక్స్ నుంచే వస్తోంది. అందులో సుమారు 85 శాతం గూగుల్‌ను డిఫాల్ట్ సెర్చ్‌గా ఉంచినందుకు గూగులే ఇస్తోంది. ఆ డబ్బు ఆగితే ఫైర్‌ఫాక్స్ కోలుకోవడం కష్టమని ఆయన మొర. గూగుల్ నుంచి మనల్ని కాపాడతానన్న బ్రౌజర్, గూగుల్ చెల్లింపులు ఆపొద్దని బోనెక్కి వేడుకుంది! సెప్టెంబరులో న్యాయమూర్తి అమిత్ మెహతా ఆ చెల్లింపులు సాగనిచ్చారు, మొజిల్లా ఊపిరి పీల్చుకుంది. ఆ ఒక్క పోషకుడు చేయి వదిలితే ఎలా అన్న టెన్షన్‌లోనే అది ప్రకటనల వ్యాపారం వైపు నడిచింది. బ్రౌజర్ ఉచితంగా కావాలని మనం పట్టుబట్టిన ఇరవై ఏళ్లకు వచ్చిన బిల్లు ఇది.

మన ప్రభుత్వానికి ఈ బిల్లు సంగతి తెలుసా? 2023లో కేంద్ర ఐటీ శాఖ స్వదేశీ బ్రౌజర్ పోటీ పెట్టింది. ప్రభుత్వ రూట్ సర్టిఫికెట్ (ఏ సైట్ అసలైనదో బ్రౌజర్ నమ్మడానికి ఆధారం) అందులో ఉండాలన్న షరతు గుర్తుపెట్టుకుని మరీ రాశారు. 2025 మార్చిలో జోహో మొదటి బహుమతి గెలిచింది, కోటి రూపాయలు. మొజిల్లాకు గూగుల్ నుంచి వచ్చేది ఏడాదికి వందల మిలియన్ల డాలర్లు. కోటి రూపాయలతో బ్రౌజర్‌కు కొత్త రంగు వేయొచ్చు, పేజీని తెరమీద చూపించే ఇంజిన్ కట్టలేం. జోహో బ్రౌజర్ ‘ఉలా’ కూడా నడిచేది గూగుల్ తయారుచేసిన క్రోమియం అనే బ్రౌజర్ కోడ్ మీదే. స్వదేశీ అని పేరుపెట్టుకుని అద్దె ఇంట్లో గృహప్రవేశం చేసినట్టుంది.

ప్రపంచంలో పెద్ద ఇంజిన్లు మూడే: గూగుల్ బ్లింక్, యాపిల్ వెబ్‌కిట్, మొజిల్లా గెకో. నాలుగోది కట్టడం మొదలుపెట్టిందీ మొజిల్లానే, పేరు సర్వో. 2020 ఆగస్టులో సుమారు 250 మందిని తీసేసినప్పుడు ఆ జట్టు కూడా పోయింది. ప్రాజెక్టు, ఉమ్మడి సాఫ్ట్‌వేర్‌ను పోషించే లైనక్స్ ఫౌండేషన్ గొడుగు కిందకి చేరి ఇంకా సాగుతోంది. కోడ్ అందరిదీ. జర్మనీ ప్రభుత్వం 2022 నుంచి ఇలాంటి ఉమ్మడి సాఫ్ట్‌వేర్‌కు ఖజానా నుంచే డబ్బిస్తోంది, లైనక్స్ కంప్యూటర్లలో తెరమీద కనిపించే డెస్క్‌టాప్ తయారుచేసే గ్నోమ్ ప్రాజెక్టుకు పది లక్షల యూరోలు అలాగే వెళ్లాయి. ఢిల్లీ ఇంకో పోటీ పెట్టేముందు సర్వో ఇంజిన్‌కు, అందులో తెలుగు ఒత్తులు సరిగా పడేలా చూసే పదిమంది ఇంజనీర్లకు, పదేళ్ల జీతం బడ్జెట్‌లో రాయాలి. హైదరాబాద్‌లో ఆ పదిమంది దొరక్కపోరు.