కారు దిగని చరిత్రకారులు

అమెరికా పల్లెదారుల మీద రాసే చారిత్రక సర్వే నివేదికల్లో అన్నిటికన్నా శక్తిమంతమైన వాక్యం ఒకటుంది: "రోడ్డు నుంచి కనిపించలేదు." ఈ ముక్క ఫారంలో పడిందంటే ఆ ధాన్యపు కొట్టు, ఆ బావి, ఆ పాత బడి అక్కడికక్కడే చరిత్రలోంచి బర్తరఫ్. పడగొట్టేవాడికైనా బుల్డోజరూ డీజిలూ కావాలి. సర్వే చేసేవాడికి కారు దిగబుద్ధి కాకపోతే చాలు.

పద్ధతి సంగతి చెప్పాలంటే, 1966 నాటి జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టంలో సెక్షన్ 106 అని ఉంది. ఫెడరల్ డబ్బుతోనో అనుమతితోనో రోడ్డు వెడల్పు చేసేముందు, ఆ పని ప్రభావం పడే మేరలో నేషనల్ రిజిస్టర్‌కి, అంటే చారిత్రక స్థలాల జాతీయ జాబితాకి, తగినవి ఏమున్నాయో చూసి తీరాలి. విడివిడిగా ఏ ఇంటికీ ఆ స్థాయి లేకపోయినా ఇళ్ళు, పొలాలు, కంచెలు, దారి అన్నీ కలిపి ఒక చారిత్రక డిస్ట్రిక్ట్ (జిల్లా కాదు, మొత్తంగా ఒక్కటిగా లెక్కకొచ్చే చోటు) కావచ్చు. అందుకు మొదటి మెట్టు విండ్‌షీల్డ్ సర్వే, అంటే కారు ముందద్దంలోంచి చూసుకుంటూ పోవడం. ఎంత పనుందో, ఎక్కడ ఆగి చూడాలో అంచనాకి రావడానికి అది నిజంగానే పనికొస్తుంది. మొదటి మెట్టు మీదే పీట వేసుకుని కూర్చుంటేనే చిక్కు.

ఇక ఆ మహాయాత్ర. కారులో ఇద్దరు పండితులు. ఒకరి చేతిలో స్టీరింగు, ఇంకొకరి చేతిలో ట్యాబ్. వేగం తగ్గించరు, వెనక ట్రాక్టరతను హారన్ కొడతాడని. తీసిన ఫొటోలో ముందు సైడ్ మిర్రర్, తర్వాత పోస్టు డబ్బా, ఆ వెనకాల మసకమసగ్గా ఇల్లనబడేదొకటి. కప్పు: గేబుల్. గోడ: వినైల్. కట్టిన ఏడు? కౌంటీ పన్ను రికార్డులో 1900 అని ఉంది, వేసెయ్. పక్కిల్లు? అదీ 1900. దాని పక్కది? అదీనూ. కట్టిన ఏడు తెలియని పాత ఇంటికల్లా 1900 అని పడేయడం పన్ను లెక్కల్లో పాత అలవాటు. మన పండితుల లెక్కన మాత్రం ఆ ఒక్క ఏడాదిలో కౌంటీ వడ్రంగులందరూ కంటిమీద కునుకు లేకుండా ఊళ్ళకు ఊళ్ళే నిలబెట్టేశారు.

గోడకి వినైల్ (ప్లాస్టిక్) పలకలు కొట్టారు కాబట్టి "నాన్-కంట్రిబ్యూటింగ్", అనగా డిస్ట్రిక్ట్ చరిత్రలో ఈ ఇంటికి వాటా లేదు. పోనీయ్ బండి. ఇంటివాళ్ళ తలుపు తట్టి, అడిగి, కిటికీ పక్కన నిలబడి ఉంటే గోడ మందం తెలిసేది. మామూలు చెక్క ఫ్రేము గోడలో కిటికీ అంత లోతుగా ఉండదు. మరీ లోతుగా ఉందంటే ఆ పలకల వెనక గొడ్డలితో చెక్కిన దుంగల గోడ దాక్కుని ఉండొచ్చు. కొట్టులోకి వెళ్ళి దూలం మీద టార్చి వేస్తే కట్టడం వయసు పట్టిచ్చే రంపపు గాట్లు కనిపిస్తాయి. తిన్నగా, వరసగా ఉంటే పైకీ కిందికీ ఆడే రంపం. వంపు తిరిగి ఉంటే గుండ్రటి రంపం. మేకులు కోత మేకులా, తీగ మేకులా? తీగ మేకులు విరివిగా వాడకంలోకి వచ్చింది 1890ల్లో. ఇదంతా ఎంతో సేపు పట్టదు. కానీ కారు తలుపు తియ్యాలి. ఏసీ చల్లదనం పోదూ?

పైగా రిజిస్టర్ నిబంధనల్లో యథాతథతకి, అంటే పాత రూపం ఎంత నిలిచి ఉందనేదానికి, ఏడు కొలతలున్నాయి: స్థానం, రూపకల్పన, పరిసరాలు, సామగ్రి, పనితనం, అనుభూతి, అనుబంధం. మన పండితులు అద్దాలు బిగించుకుని వెళ్తూ వెళ్తూ అనుభూతి లోపించిందని తేల్చేస్తారు.

ఇంకో వినోదం, ఏ దారి గురించి ఈ సర్వేయో ఆ దారిని ఎవరూ నమోదు చెయ్యరు. కింద రాతి కల్వర్టు ఉంటుంది, దాన్ని చూడాలంటే గుంటలోకి దిగాలి. రోడ్డు తిన్నగా చేసినప్పుడు వదిలేసిన పాత మలుపు పొదల్లో పడి ఉంటుంది, 1930ల నాటి వ్యవసాయ శాఖ ఏరియల్ ఫొటో పక్కన పెట్టుకుంటే ఇట్టే పట్టుబడుతుంది. గ్రామీణ భూదృశ్యాల మీద నేషనల్ పార్క్ సర్వీస్ మార్గదర్శకం 11 లక్షణాలు చూడమంటుంది. దారులు, సరిహద్దులు, చెట్లూ చేమలూ, సాగు తీరు అన్నీ అందులో ఉన్నాయి. భవనాలూ కట్టడాలూ కలిపి అందులో ఒక్కటే లక్షణం. మిగతా పదీ కారు కిటికీలో పట్టవు మరి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. అమెరికా దక్షిణాది రాష్ట్రాలకు వచ్చేసరికి నవ్వు రాదు. 1912 నుంచి 1932 దాకా 15 రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లల కోసం దాదాపు 5,000 రోజెన్‌వాల్డ్ బడులు లేచాయి. వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్ పేరు మీదున్న నిధి ఇచ్చింది కొంతే. మిగతాది ఆ ఊళ్ళ జనం సెంటు సెంటు కూడబెట్టి, స్థలమిచ్చి, రెక్కలు ముక్కలు చేసుకుని తెచ్చారు. కరెంటు లేని చోట పిల్లలకి వెలుతురు అందాలని ఒక పక్క గోడంతా ఎత్తయిన కిటికీల వరస పెట్టించారు. తర్వాత కొన్ని ఇళ్ళయ్యాయి, కొన్ని కొట్లయ్యాయి, కిటికీలు పూడిపోయాయి. ఆ పూడిన కిటికీల జాడ పక్కగోడ మీద ఉంటుంది. పక్కగోడ "రోడ్డు నుంచి కనిపించలేదు". ఫారంలో ఏం రాశారు? "ఇల్లు, మార్పులు చేసినది, ప్రాముఖ్యం లేదు." సిగ్గుండాలి!

శ్మశానాల సంగతి ఇంకా ఘోరం. పేరు చెక్కిన పలక ఉండదు. నిలబెట్టిన పొలం రాయి, ఒక సీడర్ చెట్టు, యుక్కా పొద, నేలంతా పరుచుకున్న పెరివింకిల్ తీగ, తూర్పు పడమరలుగా కుంగిన నేల. ఆకులు రాలిన చలికాలంలో వెళ్తే ఆ పచ్చటి తీగే దూరం నుంచి చోటు చూపిస్తుంది. కానీ సర్వే జూలైలో చేస్తారు, కాంట్రాక్టు గడువు అప్పుడే కాబట్టి. వందేళ్ళుగా అక్కడ మట్టిలో ఉన్న మనుషుల మీదుగా టర్న్ లేన్ గీస్తారు. బతికున్నప్పుడు రికార్డుల్లోకి ఎక్కనివ్వలేదు, చచ్చాక కూడా ఎక్కనివ్వరా?

ఇదంతా ఒట్టి బద్ధకమేనా? రవాణా శాఖ చట్టంలో సెక్షన్ 4(ఎఫ్) చదివితే అనుమానం వస్తుంది. అర్హత ఉన్న చారిత్రక స్థలాన్ని రోడ్డుకి వాడుకోవాలంటే, చిన్నాచితకా వాడకం కాకపోతే, వేరే సాధ్యమైన మార్గం లేదని చూపించుకోవాలి. "అర్హత లేదు" అని తేలిందా, ఆ తలనొప్పే లేదు. సర్వేకి డబ్బిచ్చేది ఆ రోడ్డు ప్రాజెక్టే.

రిజిస్టర్‌లో పేరెక్కితే సొంత కొట్టుకి రంగు కూడా వేసుకోనివ్వరని రైతుల్ని బెదిరించేవాళ్ళు వేరే ఉన్నారు. అది అబద్ధం. సొంత డబ్బుతో ఏం చేసుకున్నా రిజిస్టర్ ఆపదు, ఆపితే గిపితే స్థానిక ఆర్డినెన్సు ఆపాలి. ప్రైవేటు యజమానుల్లో సగం మందికి పైగా నోటరీ చేయించి అభ్యంతరం చెబితే డిస్ట్రిక్ట్ అసలు రిజిస్టర్‌లోకే ఎక్కదు.

కాబట్టి ఆ దారిలో తాతల సమాధులున్నవాళ్ళు ఎవరో వచ్చి కారు దిగుతారని చూడక్కర్లేదు. ఆ నేల మీద ఆసక్తి ఉన్నవాళ్ళు ఎవరైనా తమని కన్సల్టింగ్ పార్టీగా, అంటే సంప్రదింపుల్లో భాగస్వామిగా, చేర్చుకోమని ఆ రోడ్డుకి డబ్బో అనుమతో ఇచ్చే ఫెడరల్ ఏజెన్సీకి రాతపూర్వకంగా అడగొచ్చు. ఉత్తరానికి పాత ఏరియల్ ఫొటో, సమాధి రాళ్ళ ఫొటోలు, పాత దస్తావేజు నకలు జతచేసి, ఒక ప్రతి రాష్ట్ర పరిరక్షణ అధికారికి కూడా పంపాలి. ఏజెన్సీ నిర్ధారణ అందాక ఆ అధికారికి 30 రోజులే గడువు. ఈలోగా జవాబు రాకపోతే ఏజెన్సీ పని ముందుకు తీసుకెళ్ళొచ్చు, ఆ విషయంలో మాత్రం ఎవరికీ బద్ధకం ఉండదు.