బాయి దిగినోడు, మేడ ఎక్కినోడు

గోదావరిఖని. మామ బొగ్గు బాయిల (గనిల) కోల్ ఫిల్లర్‌గా, అంటే తట్టలకు బొగ్గెత్తే పని చేసి రిటైరైండు. అల్లుడు దుబాయ్ నుంచి తిరిగొచ్చి సోలార్ దుకాణం తెరిచిండు. ఇప్పుడు టేపు పట్టుకొని మామ మేడ కొలుస్తున్నడు.

అల్లుడు: 3 కిలోవాట్లు పెడితే సాలు మామా. రోజుకు 12 యూనిట్ల దాక వస్తది. కేంద్రం సబ్సిడీ 78,000 రూపాయలు.

మామ: ఆగు. మొన్న పట్టపగలు కరెంటు పోతే, నువ్వు ప్యానళ్లు పెట్టిన సారు ఇంట్ల ఫ్యాన్ ఎందుకు ఆగింది? నెత్తి మీద ఎండ మండుతనే ఉండె గదా!

అల్లుడు: లైనుల కరెంటు లేకుంటే మన ఇన్వర్టర్ గూడ బందైతది. లేకుంటే మన కరెంటు ఎదురువోయి స్తంభమెక్కిన లైన్‌మన్‌ను కొడ్తది. బ్యాటరీ ఉంటే నడుస్తది గని, ఖర్చెక్కువ.

మామ: ఈ ముచ్చట అమ్మేటప్పుడు చెప్తున్నవా?

(అల్లుడు టేపు చుట్టిండు. చెప్తలేడన్నట్టే.)

మామ: (పిట్టగోడ మీద వేలు రాసి) ఇది సూడు. పొద్దుగాలనే మీ అత్త కడిగింది. ఓసీ దుమ్ము, పైనుంచి తవ్వే గనిది.

అల్లుడు: నీళ్లు కొడితే పోతది. వేడితో గూడ నష్టమే. ప్యానల్‌కు వెలుగు కావాలె, వేడి గాదు. అయినా ఎడారిల నడుస్తలేవా? అబుదాబిల స్వైహాన్ దగ్గర 2019ల 1,177 మెగావాట్ల ప్లాంటు మొదలైంది. చమురు మీద బతికే దేశమది!

మామ: వాళ్లు ఇంట్ల కాల్చుడు తగ్గిస్తే మిగిలింది ఓడెక్కించి అమ్ముకుంటరు. మన బొగ్గు ఓడెక్కుతదా? పక్కనున్న ఎన్టీపీసీ కరెంటు ప్లాంటుల కాలాల్సిందే.

అల్లుడు: ఆ ఎన్టీపీసీనే 2022ల రిజర్వాయర్ మీద 100 మెగావాట్ల తేలే సోలార్ పెట్టింది. మంచిర్యాల దిక్కు జైపూర్‌ల సింగరేణి గూడ పెట్టుకుంది.

మామ: 500 ఎకరాల్ల ప్యానళ్లే, మనిషి కనవడడు. మా బాపు బాయిల పోతే ఆయన కొలువు నాకొచ్చింది. తట్టా, చెమ్మస్ (పార) పట్టి నీకు కాలేజీ ఫీజు గట్టిన. నీ ప్యానల్ ఎవనికి వారసత్వం ఇస్తది?

అల్లుడు: మరి నేను దుబాయ్ ఎందుకు పోయిన మామా? మిషన్లొచ్చినంక, ఓసీలొచ్చినంక నీ తట్ట ఎటువాయె? ఆ కొలువులు సూర్యుడు తినలేదు.

(మామ శానాసేపు మాట్లాడలేదు.)

మామ: నీ దగ్గర పోరగాండ్లు ఎంతమంది?

అల్లుడు: ఆరుగురు.

మామ: పీఎఫ్?

అల్లుడు: ఇద్దరికుంది.

మామ: పైకెక్కినప్పుడు నడుముకు బెల్టు?

అల్లుడు: కొన్న. వాళ్లే పెట్టుకోరు.

మామ: టోపీ, లైటు లేకుంటే మమ్ముల బాయిల దిగనియ్యకపోతుండె. పో, ఆ నలుగురికి పీఎఫ్ కట్టి రా. మేడ యాడికి పోదు.