బొటాబొటీ స్కోరు ఉన్నా దారి ఉంది
"ముప్పై దాటాక యూకేలో మెడిసిన్ సీటు కల్ల" అని మీ వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. డిగ్రీ చేసినవాళ్ల కోసం అక్కడ నాలుగేళ్ల కోర్సు వేరేగా ఉంది. వార్విక్ యూనివర్సిటీలో అయితే ఏ సబ్జెక్టు డిగ్రీ అయినా సరే. చిక్కంతా ప్రవేశ పరీక్షల దగ్గరే. వార్విక్ యూక్యాట్ అనే పరీక్ష స్కోరు చూస్తుంది, స్వాన్సీ యూనివర్సిటీ గామ్‌శాట్ అనే ఇంకో పరీక్ష అడుగుతుంది. మెడిసిన్‌కు దరఖాస్తులో పెట్టుకోగలిగేవి నాలుగే ఆప్షన్లు, గడువు అక్టోబరు 15. స్కోరు బొటాబొటీగా ఉన్నవాళ్లు కాలేజీ పేరు చూసి కాదు, ఆ స్కోరుకు ఇంటర్వ్యూ పిలుపు ఎక్కడ వస్తుందో చూసి పెట్టుకోవాలి.

మా వదిన అక్కడే కేర్ హోమ్‌లో (పెద్దవాళ్లను చూసుకునే చోట) పనిచేస్తూ ప్రిపేరైంది. తిండి దగ్గర మొండికేసే ఒక పెద్దావిడ పక్కన కూర్చుని, ఆవిడ కబుర్లు వింటూ ఒక్కో చెంచా తినిపించేది. ఇంటర్వ్యూలో దాని గురించే గుచ్చి గుచ్చి అడిగారట.

ఫీజు సంగతి మీరు వదిలేశారు, అది తప్పకుండా రాయాల్సింది. ఇంగ్లండ్‌లో స్థిరపడినవాళ్లకు రెండో ఏడాది నుంచి ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవల వ్యవస్థ) బర్సరీ, అంటే ఆర్థిక సాయం, ఆసరాగా ఉంటుంది. స్టూడెంట్ వీసా మీద వెళ్లేవాళ్లకు అది రాదు. ఇల్లు తాకట్టు పెట్టేముందు ఈ లెక్క వేసుకోండి, దయచేసి.