ఒక పక్కే తుడిచిన మామిడికాయ

(హాలులో పాత చీర పరిచి ఉంది. దాని మీద కడిగిన మామిడికాయలు. కామేశ్వరి కత్తిపీట ముందు, రామ్మూర్తి తుడిచే గుడ్డతో. గుడ్డ పక్కన పడేసి, ఒక కాయను పంచెకేసి రుద్దుతున్నాడు.)

కామేశ్వరి: ఏమండీ, పావుగంట నుంచి అదే కాయ! పైగా ఒక పక్కే తుడుస్తున్నారు.

రామ్మూర్తి: ఒక పక్క నున్నగా, ఒక పక్క గరుకుగా ఉంటేనే క్రికెట్ బంతి గాలిలో వంపు తిరుగుతుంది.

కామేశ్వరి: జాడీలోకి వెళ్ళే కాయ గాలిలో ఎందుకు తిరగాలి? తడి ఉంటే ఆవకాయ బూజు పడుతుంది.

రామ్మూర్తి: 1934 నవంబరు 4. మద్రాసు, చేపాక్ మైదానం. రంజీ ట్రోఫీలో మొట్టమొదటి మ్యాచ్, మొట్టమొదటి బంతి. వేసింది ఎవరు? ఎం.జె. గోపాలన్! మనమంతా అప్పుడు ఉమ్మడి మద్రాసులోనే ఉన్నాం కనుక ఆ బంతిలో మనకూ వాటా ఉంది.

కామేశ్వరి: వాటా సరే. అవతలి జట్టును పడగొట్టింది ఆయనేనా?

రామ్మూర్తి: అంటే... మన జట్టులోనే రాంసింగ్ అనుకో. 35 పరుగులిచ్చి 11 వికెట్లు తీశాడు. మైసూరు ఒకసారి 48కి, ఇంకోసారి 59కి కుప్పకూలింది. పొద్దున మొదలైన మ్యాచ్ సాయంత్రానికి సరి.

కామేశ్వరి: ప్రారంభోత్సవం ఒకరిది, చాకిరీ ఇంకొకరిది. మన ఇంట్లో ఆవకాయలాగే. ఏటా మొదటి కాయ మీరే తుడుస్తారు.

రామ్మూర్తి: గోపాలన్ అంటే ఏమనుకున్నావు? ట్రిప్లికేన్ కుర్రాడి బౌలింగ్ చూసి జాన్‌స్టన్ అనే దొర బర్మా షెల్ చమురు కంపెనీలో ఉద్యోగం వేయించాడు. ఫాస్ట్ మీడియం!

కామేశ్వరి: అంటే?

రామ్మూర్తి: మరీ వేగమూ కాదు, మరీ నెమ్మదీ కాదు.

కామేశ్వరి: మీరు బజారుకు వెళ్ళి వచ్చే వేగమా?

రామ్మూర్తి: చూపిస్తాను, ఉండు. రెండు వేళ్ళు ఇలా పైన, బొటనవేలు కింద, మణికట్టు నిటారుగా...

(కాయ చేయి జారి, తలుపుకు తగిలి, నేల మీద రెండు చెక్కలవుతుంది.)

కామేశ్వరి: అయ్యో! దెబ్బ తగిలిన కాయ ఆవకాయకు పనికిరాదు.

రామ్మూర్తి: (ఇంకో కాయ అందుకుని, గుడ్డతో ఒక పక్కే తుడుస్తూ) పప్పులో వేయి. కానీ వంపు చూశావా?

కామేశ్వరి: చూశాను. ఇంతకీ మీ గోపాలన్ దేశానికి ఎన్ని టెస్టులు ఆడాడు?

రామ్మూర్తి: (గొంతు తగ్గించి) ఒకటి. 1934 జనవరిలో, కలకత్తాలో, జార్డిన్ కెప్టెన్‌గా వచ్చిన ఇంగ్లండ్ జట్టు మీద.

కామేశ్వరి: వికెట్లు?

రామ్మూర్తి: అదీ ఒకటే. కానీ హాకీలోనూ దేశానికి ఆడాడు! 1935లో ధ్యాన్‌చంద్ జట్టుతో న్యూజిలాండ్ వెళ్ళాడు. మరుసటి ఏడాదే వచ్చింది చిక్కు. ఒకపక్క బెర్లిన్ ఒలింపిక్స్, ఇంకోపక్క ఇంగ్లండ్‌కు క్రికెట్ పర్యటన. క్రికెట్‌నే ఎంచుకున్నాడు.

కామేశ్వరి: ఇంగ్లండ్‌లో టెస్టులు ఆడనిచ్చారా?

రామ్మూర్తి: మూడు టెస్టుల్లో ఒక్కటీ లేదు. నిస్సార్, అమర్‌సింగ్ లాంటి బౌలర్లు ఉండగా చోటెక్కడిది? మన జట్టు కెప్టెన్ మాత్రం మూడూ ఆడి, మొత్తం కలిపి 33 పరుగులు చేశాడు. ఎవరా కెప్టెన్? మీ విజయనగరం రాజకుమారుడు!

కామేశ్వరి: మా ఊరి జోలికి రాకండి. ఆయన కాపురం కాశీలో.

రామ్మూర్తి: పేరు మీ ఊరిదేగా!

కామేశ్వరి: మీ బందరువాళ్ళు మన మొదటి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడు మావాడే అంటారు. ఆయన పుట్టింది నాగపూరులో. నేనేమైనా అన్నానా? సరే, హాకీ ఏమైంది?

రామ్మూర్తి: ఆగస్టు 15న ఫైనల్. జర్మనీ మీద 8-1. బంగారు పతకం. సరిగ్గా ఆ రోజే ఓవల్‌లో మనవాళ్ళ మూడో టెస్టు మొదలైంది.

కామేశ్వరి: అక్కడ జట్టు మెడలో బంగారం, ఇక్కడ ఆయనకు జట్టులోనే చోటు లేదు. (కత్తిపీట మీద కాయ పెట్టి, ఒక్క దెబ్బతో టెంకతో సహా రెండు చేసి) ఆయన బాధ నాకు తెలుసు.

రామ్మూర్తి: నీకెలా తెలుసు?

కామేశ్వరి: 1978లో నాకూ ఒకేసారి రెండు సంబంధాలు వచ్చాయి.

(గుడ్డ ఆగిపోతుంది.)

రామ్మూర్తి: రెండా? నాకెప్పుడూ చెప్పలేదే! రెండోది ఎవరు?

కామేశ్వరి: బెర్లిన్ అనుకోండి.

రామ్మూర్తి: పేరు చెప్పు. బంధువులా? నాకు తెలిసినవాడేనా?

కామేశ్వరి: టెంకలో జీడి తీయాలి. ఆ చిన్న కత్తి అందుకోండి.

రామ్మూర్తి: (కత్తి ఇస్తూ) పోనీ, ఉద్యోగం ఏమిటి?

కామేశ్వరి: ముందు ఆ కాయ రెండో పక్క తుడవండి.