‘అప్’ది ఏ గూడు, ‘ఇంగ్’ది ఏ గూడు?

బెంగళూరు మారతహళ్లిలో తెలుగు పిల్లలకిచ్చే ఇంగ్లీష్ వ్యాకరణం నోట్సు మీద ఇద్దరు టీచర్ల వాదన. ‘అప్’, ‘ఇంగ్’ (-ing) లాంటివాటిని వ్యాకరణం పేర్ల గూళ్లలోకి విడదీసి చెప్పాలని మాస్టారు, వాడుక నేర్పితే చాలని మేడమ్.

మేడమ్: ‘అప్’ క్రియకే అతుక్కునే పార్టికలా, నామవాచకం ముందు నిలిచే ప్రిపోజిషనా అని తేల్చేసరికి పీరియడ్ అయిపోతుంది మాస్టారూ. ‘లుక్ అప్’ అంటే నిఘంటువులో వెతకడం అని రాయిద్దాం, చాలు.

మాస్టారు: అర్థం ఒక్కటే ఇస్తే ‘లుక్ అప్ ఇట్’ అని రాసుకొస్తారమ్మా. పార్టికలైతే సర్వనామం మధ్యలోకి రావాలి: ‘లుక్ ఇట్ అప్’. ప్రిపోజిషనైతే చివరే: ‘లుక్ ఆఫ్టర్ హర్’.

మేడమ్: ఏది ఏదో పిల్లవాడికి ఎలా తెలుస్తుంది?

మాస్టారు: ‘ర్యాన్ అప్ ది హిల్’లో ‘ఎక్కడికి?’ అంటే ‘అప్ ది హిల్’ జవాబవుతుంది. ‘ర్యాన్ అప్ ఎ బిల్’లో బిల్లు పైకి ఎవరూ ఎక్కలేదు, బాకీ పెరిగింది. అక్కడ ‘అప్’ క్రియకే అతుక్కుంది.

మేడమ్: మరి ‘లుక్ ఆఫ్టర్ ది చైల్డ్’కి ఆ ప్రశ్న వేయండి. జవాబు రాదు. అయినా అది ప్రిపోజిషనే అంటున్నారు!

మాస్టారు: నిజమే, అక్కడ నా ప్రశ్న పనిచేయదు. విద్యార్థుల నిఘంటువులో ‘లుక్ సమ్‌థింగ్ అప్’లా ‘సమ్‌థింగ్’ మధ్యలో ఉందో, ‘లుక్ ఆఫ్టర్ సమ్‌థింగ్’లా చివర ఉందో చూడమనాలి.

మేడమ్: అంటే క్రియకో లెక్క. నేనన్నదీ అదే.

మాస్టారు: ‘ఇంగ్’కైనా గూళ్లు ఒప్పుకో. ‘ఎంజాయ్ రీడింగ్’లో చదవడం, అది నామవాచకంలా పనిచేసే జెరండ్. ‘కీప్ రీడింగ్’ అంటే చదువుతూ ఉండు, అది పని సాగుతుండడం చూపే పార్టిసిపుల్.

మేడమ్: ఆ ‘-డం’, ‘-తూ’ మన తెలుగువి. ‘ఐ రిమెంబర్ పోస్టింగ్ ది లెటర్’ అంటే? ఉత్తరం వేసినట్టు గుర్తుంది. ‘-డం’ లేదు, ‘-తూ’ లేదు. భాషావేత్తలు హడిల్‌స్టన్, పుల్లమ్ 2002లో వచ్చిన తమ ఇంగ్లీష్ వ్యాకరణంలో జెరండ్, పార్టిసిపుల్ రెండింటినీ ఒకే రూపంగా కలిపేశారు. ‘స్టాప్డ్ టాకింగ్’ అంటే మాట ఆపాడు, ‘స్టాప్డ్ టు టాక్’ అంటే మాట్లాడ్డానికి ఆగాడు. ఈ తేడా వస్తే చాలు.

మాస్టారు: సరే. మరి ‘లుక్ ఫార్వర్డ్ టు మీట్ యు’ అన్న తప్పును పేరు లేకుండా ఎలా దిద్దుతావు?

మేడమ్: ‘ఇట్’ పెట్టి చూడమంటాను. ‘లుక్ ఫార్వర్డ్ టు ఇట్’ కుదిరింది, ‘వాంట్ టు ఇట్’ కుదరలేదు. కుదిరినచోట ‘మీటింగ్’ రాయాలి.

మాస్టారు: కుదిరినచోట ఆ ‘టు’ ప్రిపోజిషన్!

మేడమ్: ఆ ఒక్క పేరూ నోట్సులో రాయండి. జెరండ్ మాత్రం వద్దు.