30 ఏళ్ల నిబంధన ఎవరిని ఆపింది?
నిబంధనలు బిగిస్తే గల్ఫ్ వలస తగ్గుతుందని మీ వ్యాసంలో రాశారు. మా రాయచోటి వైపు చూస్తే అలా అనిపించదండీ. పదో తరగతి పాసు కానివాళ్లది ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరి అనే ముద్ర ఉన్న) పాస్‌పోర్టు. దానితో కువైట్ పనికి పోవాలంటే 1983 వలస చట్టం కింద ముందే అనుమతి తీసుకోవాలి. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకైతే 30 ఏళ్లు నిండాలి. వాళ్లను కాపాడటానికే పెట్టారు, కాదనను. కానీ నెత్తిన అప్పు, చంకలో బిడ్డ ఉన్న పాతికేళ్ల మనిషి ఇంకో అయిదేళ్లు ఆగుతుందా? ఏజెంటు ఈ అనుమతి అక్కర్లేని విజిట్ వీసా చూపిస్తాడు. విమానం ఎక్కేస్తుంది. ఇక ప్రభుత్వ లెక్కల్లో ఆమె పేరుండదు, జీతం ఎగ్గొడితే అడగడానికి ఒప్పంద కాగితమూ ఉండదు. ఆపాలని పెట్టిన రూలే ఏజెంటుకు గిరాకీ తెచ్చిపెట్టింది.

వలస వెళ్లినవాళ్లు ప్రభుత్వాన్ని కదిలించిన సందర్భాలూ ఉన్నాయి. 2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్ ఉద్యోగాలకు కనీస వేతనాలను 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. కార్మిక సంఘాలు గొడవ చేసి, తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లాక 2021లో వెనక్కి తీసుకుంది. జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్ కుటుంబాల ఓట్లు లెక్కలోకి వచ్చాకే, గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల సాయం ప్రకటించింది. (బతికుండి జీతం రానివాడి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.)

ఏపీలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అని విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలున్నాయి కదా, అవి ఉండగా జనం ఇంకా ఏజెంటు గడపే ఎందుకు తొక్కుతున్నారో కూడా రాయండి.