హద్దు జరిపినప్పుడు కాదు, ఆ తర్వాతి కంగారులోనే డేటా పోతోంది

ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకున్నవాళ్లకు ఏదో ఒకరోజు ఈ అవసరం తప్పదు. మొదట్లో చూద్దామని లినక్స్‌కు కొద్దిగా జాగా ఇస్తారు. రోజులు గడిచేకొద్దీ పనంతా అటు మళ్లుతుంది, ఖాళీ మాత్రం సీ డ్రైవ్‌లో ఉండిపోతుంది. ఇప్పుడు పార్టిషన్ల (డిస్క్‌ను పంచుకున్న భాగాల) హద్దులు మార్చాలి, లోపలున్నదేదీ పోకూడదు. చాలామంది టెన్షన్ అంతా ఆ హద్దు జరిపే గంట గురించే. నిజానికి డేటా ఎక్కువగా పోయేది ఆ గంటలో కాదు. పని ముగిశాక కంప్యూటర్ ఆన్ కాకపోతే, 'అంతా పోయింది' అనుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పోతోంది. బూట్ (కంప్యూటర్ లేచి విండోస్ లేదా లినక్స్ తెరుచుకోవడం) పోవడం వేరు, డేటా పోవడం వేరు.

డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో రాసిపెట్టుకునే పాత పద్ధతి ఎంబీఆర్. అలాంటి డిస్క్‌నే తీసుకోండి. మొదటి సెక్టార్‌లో, అంటే మొట్టమొదటి చిన్న గడిలో, 512 బైట్లు ఉంటాయి. అందులో 64 బైట్లే పార్టిషన్ టేబుల్, ఒక్కోటి 16 బైట్ల చొప్పున నాలుగు నమోదులు. ప్రధాన పార్టిషన్లు ఎక్కడ మొదలై ఎంతవరకు ఉన్నాయో చెప్పేది ఆ కాస్త చోటే. అది చెడితే కంప్యూటర్ కళ్లకు డిస్క్ ఖాళీగా కనిపిస్తుంది, కానీ ఫైళ్లు ఉన్నచోటే ఉంటాయి. విషయసూచిక చిరిగినంత మాత్రాన పుస్తకంలో పేజీలు ఊడిపోవు. కొత్త జీపీటీ పద్ధతిలో అయితే ఈ టేబుల్‌కు డిస్క్ చివర ఇంకో ప్రతి కూడా ఉంటుంది. డిస్క్‌ను వెతికి, ఫైల్ సిస్టమ్‌ల (ఫైళ్లను అమర్చే పద్ధతుల) ఆనవాళ్లు పట్టి, టేబుల్‌ను తిరిగి రాసే టెస్ట్‌డిస్క్ లాంటి ఉచిత పరికరాలున్నాయి. అవి పనిచేయాలంటే ఈలోగా డిస్క్ మీద ఇంకేమీ రాయకూడదు.

ఆన్ చేయగానే లినక్స్‌నో విండోస్‌నో లేపే చిన్న ప్రోగ్రామ్ గ్రబ్. అది చిక్కుకున్నప్పుడు వచ్చి అందరినీ హడలెత్తించే 'గ్రబ్ రెస్క్యూ' నల్ల తెరనూ ఈ దృష్టితోనే చూడాలి. ఎంబీఆర్ డిస్క్‌లో గ్రబ్ తొలి భాగం, మిగతా ఫైళ్లు ఫలానా నంబరు పార్టిషన్‌లో ఉన్నాయని గుర్తుపెట్టుకుంటుంది. ఆ నాలుగు నమోదులు చాలనప్పుడు ఒక పార్టిషన్ లోపల చేసుకునేవి లాజికల్ పార్టిషన్లు. వాటిలో మధ్యది ఒకటి తీసేస్తే వెనకవాటి నంబర్లు ముందుకు జరుగుతాయి, ఆరోది ఐదోది అవుతుంది. గ్రబ్ పాత నంబరు దగ్గరే వెతికి, అలాంటి పార్టిషన్ లేదని చెప్పి ఆగిపోతుంది. లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్‌తో) బూట్ చేసి గ్రబ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది, ఒక్క ఫైలూ పోదు. స్వాప్ పార్టిషన్‌ను (ర్యామ్ చాలనప్పుడు లినక్స్ వాడుకునే చోటును) తీసేసి కొత్తగా చేసినప్పుడు లినక్స్ 90 సెకన్లు కదలకుండా నిలబడటమూ ఇంతే. కొత్త స్వాప్‌కు కొత్త యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) వచ్చింది, ఏ పార్టిషన్‌ను ఎక్కడ తెరవాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో పాతదే ఉంది. అక్కడ ఒక్క వరుస దిద్దాలి. సైజు మార్చితే మాత్రం యూయూఐడీ మారదు.

నిజంగా ప్రమాదం ఉన్నచోట్లు వేరే ఉన్నాయి, వాటి గురించి చర్చ తక్కువ. మొదటిది విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్. షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు. తన స్థితిలో కొంత భాగాన్ని హైబర్నేషన్ ఫైల్‌లో దాచుకుని పడుకుంటుంది. ఆ స్థితిలో బయటినుంచి ఆ డ్రైవ్‌ను మార్చితే, లేచాక పాత జ్ఞాపకంతోనే రాయడం మొదలుపెట్టి ఫైల్ సిస్టమ్‌ను పాడుచేయగలదు. అలాంటి డ్రైవ్‌ను లినక్స్ చదవడానికి మాత్రమే తెరుస్తుందంటే కారణం ఇదే. ఆ హెచ్చరికను బలవంతంగా దాటేయకండి. ఫాస్ట్ స్టార్టప్‌ను ముందే ఆపేయండి.

రెండోది బిట్‌లాకర్, డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి తాళం వేసే విండోస్ సదుపాయం. పార్టిషన్లో, బూట్ పద్ధతో మారిందని అనుమానం వస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కొత్త విండోస్ 11 మెషీన్లలో చాలావాటికి ఎన్‌క్రిప్షన్ తనంతట తానే ఆన్ అయి ఉంటుంది, యజమానికి ఆ సంగతే తెలియకపోవచ్చు. ఆ కీ లేకపోతే ఫైళ్లు డిస్క్ మీద ఉన్నా లేనట్టే, టెస్ట్‌డిస్క్ కూడా ఏమీ చేయలేదు. ముందు కీ రాసిపెట్టుకుని, బిట్‌లాకర్ రక్షణను తాత్కాలికంగా సస్పెండ్ చేశాకే మిగతా పని.

ఎవరి పార్టిషన్‌ను వారి పరికరంతోనే మార్చాలన్నది నా గట్టి అభిప్రాయం. సీ డ్రైవ్‌ను విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌తో, లినక్స్ వాడే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌ను లైవ్ యూఎస్‌బీలోని జీపార్టెడ్ పరికరంతో. డ్రైవ్‌లో బోలెడంత ఖాళీ కనిపిస్తున్నా డిస్క్ మేనేజ్‌మెంట్ కాస్తే తగ్గిస్తానంటుంది. పేజ్‌ఫైల్, హైబర్నేషన్ ఫైల్, షాడో కాపీల్లాంటి కదలని ఫైళ్లు దారిలో ఉంటాయి, వాటిని దాటి లోపలికి రాదు. అవి తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ చూస్తే చాలాసార్లు ఇంకొంత జాగా దొరుకుతుంది. అదే తెరలో లినక్స్ పార్టిషన్లు డ్రైవ్ అక్షరం లేకుండా అనాథల్లా కనిపిస్తాయి. పనికిరానివనుకుని డిలీట్ కొట్టేసేవాళ్లున్నారు.

దొరికిన జాగాను ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. అది సాధారణంగా లినక్స్‌కు ఎడమవైపు వస్తుంది. లినక్స్ పార్టిషన్‌ను అటు పెంచాలంటే దాని మొదలే జరగాలి, అంటే లోపలున్న మొత్తం డేటా కొత్తచోటికి కాపీ కావాలి. గంటలు పట్టొచ్చు, మధ్యలో కరెంటు పోతే సగం అక్కడ, సగం ఇక్కడ. ఈ సాహసం అక్కర్లేదు. ఆ ఖాళీలో కొత్త ఎక్స్‌ట్4 పార్టిషన్ చేసి, మన ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్‌ను అందులోకి కాపీ చేసి మౌంట్ చేసుకుంటే (పాత హోమ్ స్థానంలో తగిలిస్తే) అవసరం తీరుతుంది. సరిగా పనిచేస్తోందని తేలేదాకా పాత హోమ్ ఉన్నచోటే ఉంటుంది. ఎక్స్‌ట్4 బదులు ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడేవాళ్లకైతే పెంచడమే తప్ప తగ్గించే దారి దాదాపు లేదు. ఏ దారి పట్టినా బ్యాకప్ వేరే డిస్క్‌లో ఉండాలి, అందులోంచి నాలుగు ఫైళ్లు తెరిచి చూసి ఉండాలి.

ఇదంతా తెలిసినవాళ్ల వ్యవహారమని కంపెనీలు తప్పించుకోలేవు. 2024 జనవరిలో విండోస్ 10కు వచ్చిన కేబీ5034441 అప్‌డేట్ ఎన్నో కంప్యూటర్లలో ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. విండోస్ మొరాయిస్తే బాగుచేసే పరికరాలుండే రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేకపోవడమే కారణం. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన పరిష్కారం, కమాండ్లు కొట్టి పార్టిషన్‌ను మీరే పెంచుకోండి అని. మామూలు వాడకందారుతో డిస్క్‌పార్ట్ అనే ఆ కమాండ్ పరికరాన్ని నడిపించడం బాధ్యత గల పని కాదు. డ్యూయల్ బూట్‌లో పరిస్థితి ఇంకా చిక్కు. లినక్స్ వచ్చి సీ డ్రైవ్‌కూ రికవరీకీ నడుమ కూర్చుంటే, సీ డ్రైవ్‌ను తగ్గించి తీసిన జాగా రికవరీ పక్కకు రానే రాదు.

లినక్స్ వైపు తప్పూ చిన్నదేం కాదు. బూట్ కాని కంప్యూటర్‌కు లైవ్ యూఎస్‌బీ పెట్టిన మనిషికి ఇన్‌స్టాలర్ మొదట చూపే దారుల్లో 'డిస్క్ మొత్తం చెరిపి ఇన్‌స్టాల్ చేయి' ఒకటి. లోపల ఎక్స్‌ట్4 ఉందని, అందులో ఒక వ్యవస్థ ఉందని ఇన్‌స్టాలర్‌కు అప్పటికే తెలుసు. అయినా 'ముందు బూట్ సరిచేద్దామా' అని అడిగేవి అరుదు. బూట్ రిపేర్ లాంటి పరికరాన్ని విడిగా వెతికి తెచ్చుకోవాలి. ఆ ప్రశ్న చెరిపే బటన్ కంటే పైన, అదే తెర మీద ఉండాలి.